చర్చి రిజిస్టర్ కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడు

చర్చి రిజిస్టర్ ఏడాదిలో చాలా రోజులు బీరువాలోనే ఉంటుంది. దాన్ని బయటికి తీయించేవి ముఖ్యంగా మూడు: పెళ్లి, సమాధి, ఎన్నిక. అమ్మాయికి వేరే ఊళ్లో సంబంధం కుదిరితే అక్కడి సంఘం బాప్తిస్మం సర్టిఫికెట్ అడుగుతుంది. ఇంట్లో పెద్దాయన కన్నుమూస్తే సమాధుల తోటలో చోటు ఇచ్చే ముందు ఆయన ఏ సంఘ సభ్యుడో చూస్తారు. కమిటీ ఎన్నికలు దగ్గరపడితే ఎవరికి ఓటుందో తేల్చడానికి మళ్లీ అదే పుస్తకం తెరుస్తారు. మిగతా రోజుల్లో సంఘం నడిచేది సెక్రటరీ గారి జ్ఞాపకం మీద, ట్రెజరర్ గారి ఎక్సెల్ ఫైలు మీద, నాలుగైదు వాట్సాప్ గ్రూపుల మీద.

వీటన్నిటినీ ఒక మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోకి మారుద్దామని ఎవరో ఒకరు కమిటీలో ప్రతిపాదిస్తారు. సాధారణంగా ఐటీ ఉద్యోగం చేసే కుర్రవాడే ఆ మాట ఎత్తుతాడు. అక్కణ్నుంచి చర్చంతా ఏది కొనాలి, ఎంత అవుతుంది అన్నచోటే తిరుగుతుంది. నిజానికి అది ఈ పనిలో చిన్న భాగం. చేతిలో ఉన్న కాగితాల్లో ఏది సాక్ష్యం, ఏది ఉత్త సమాచారం అని విడదీయడమే పెద్ద పని. బాప్తిస్మం తేదీ, పెళ్లి సంతకాలు సాక్ష్యం కిందికి వస్తాయి. ఫోన్ నంబరు, అడ్రసు, ఏ ప్రార్థన గ్రూపులో ఉన్నారు అన్నవి సమాచారం. సమాచారాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సాక్ష్యాన్ని మార్చకూడదు. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రెండూ ఒకటే, రెండూ తెర మీద నింపాల్సిన గళ్లే. ఈ తేడా తేల్చకుండా డేటా ఎక్కిస్తే పదేళ్ల తర్వాత పుస్తకం ఒకటి చెబుతుంది, కంప్యూటర్ ఇంకొకటి చెబుతుంది.

ఒకే ఊళ్లో వేర్వేరు పుస్తకాలు

విశాఖలో ఈ పని ఇంకాస్త చిక్కు. ఇక్కడి క్రైస్తవ సంఘాలు ఒక్క మూలం నుంచి వచ్చినవి కావు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ ఈ ఊళ్లో దిగింది 1805లో. క్యాథలిక్కుల్లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు 1846లో వచ్చారు. 1886లో ఇది డయోసిస్ (బిషప్ పాలనలోని ప్రాంతం) అయింది, 2001లో ఆర్చిడయోసిస్ అయింది. కెనడియన్ బాప్టిస్టుల గుర్తుగా సీబీఎం కాంపౌండ్ అన్న పేరు నేటికీ ఆటోవాళ్లకు కూడా తెలుసు. 1947లో ఏర్పడిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలున్నాయి. ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ, నేవీ, పోర్టు ఉద్యోగాలతోపాటు పెరిగిన స్వతంత్ర సంఘాలు గాజువాక, మల్కాపురం, పెందుర్తి వైపు ఎన్నో.

ఇది చరిత్ర పాఠంగా కాదు, గళ్ల లెక్కగా చూడాలి. క్యాథలిక్ విచారణలో, అంటే వారి స్థానిక సంఘంలో, శిశువుకే జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇస్తారు. ఆ మనిషికి తర్వాత పెళ్లయితే ఆ సంగతి పెళ్లి రిజిస్టర్‌లో రాయడంతో సరిపోదు. జ్ఞానస్నానం పొందిన చోటికి కబురు పంపి, అక్కడి పుస్తకం అంచులో కూడా రాయించాలి. 1908లో అమల్లోకి వచ్చిన రోమ్ ఆదేశం నుంచి ఈ పద్ధతి గట్టిపడింది. ఇప్పటి కానన్ చట్టంలో 535వ నియమం కూడా అదే చెబుతుంది. అంటే విశాఖలోని జ్ఞానపురంలో జ్ఞానస్నానం పొందిన మనిషి సికింద్రాబాద్‌లో పెళ్లి చేసుకున్నా ఆ మాట జ్ఞానపురం పుస్తకంలో ఉండాలి. అమెరికాలో స్వతంత్ర సంఘాల కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌లో ఈ 'అంచు'కు గడే ఉండకపోవచ్చు.

బాప్టిస్టు సంఘంలో లెక్క తిరగబడుతుంది. పసిబిడ్డను ప్రార్థనతో దేవునికి ప్రతిష్ఠ చేస్తారు, బాప్తిస్మం మాత్రం తెలివి వచ్చాక సొంత ఒప్పుకోలుతో నీళ్లలో ముంచి ఇస్తారు. ప్రతిష్ఠ తేదీని బాప్తిస్మం గడిలో పెట్టేస్తే ఆ పిల్లవాడు ఉయ్యాల్లోనే పూర్తి సభ్యుడైపోతాడు. సీఎస్ఐలో శిశు బాప్తిస్మం, ఆ తర్వాత కన్ఫర్మేషన్ (ఎదిగాక తన విశ్వాసాన్ని తానే ధ్రువపరచడం) రెండూ ఉంటాయి. ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో పాలుపొందే హక్కు రెండోదానితో వస్తుంది కాబట్టి అక్కడ రెండు తేదీలూ కావాలి. పక్క సంఘంలో బాగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను చూసి అలాగే తెచ్చుకుంటే ఎదురయ్యే మొదటి దెబ్బ ఇది.

పెళ్లి రిజిస్టర్‌ది వేరే స్థాయి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద అది చట్టబద్ధమైన పుస్తకం. దాన్ని ఉంచుకున్నవారు అడిగిన వారికి వెతికి చూపించాలి, ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి. కావాలని ఆ పుస్తకాన్ని నాశనం చేసినా, అబద్ధపు రాత రాసినా ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా, ఇక పాత పుస్తకాలెందుకు అనే ఉత్సాహవంతులు కమిటీకి ఒకరైనా ఉంటారు. వాళ్లకు ముందుగా చెప్పాల్సిన సంగతి ఇదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం కంప్యూటర్ రికార్డు ప్రింటును కోర్టులో పెట్టాలంటే దానికి విడిగా ధ్రువపత్రం జతచేయాలి. సంతకాలున్న పుస్తకం ఎదురుగా ఉంటే ఆ తలనొప్పి లేదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను విషయసూచికగా చూడటం మేలు. ప్రతి మనిషి రికార్డులోనూ 'బాప్తిస్మ రిజిస్టర్, పుస్తకం 3, పేజీ 112, వరుస 7' అని ఒక గడి పెట్టుకుంటే చాలు. ఇంత చిన్న గడి చాలా చోట్ల మర్చిపోతారు. తర్వాత ఎప్పుడైనా తేదీ మీద అనుమానం వస్తే వరుసబెట్టి పుస్తకాలన్నీ తిరగేయాల్సి వస్తుంది. ఎక్కించే ముందే ప్రతి పేజీనీ ఫోన్‌తోనైనా, స్కానర్‌తోనైనా ఫొటో తీసి, ఫైలు పేరులో పుస్తకం నంబరు, పేజీ నంబరు రాసుకోవాలి. కుట్టు ఊడిపోతున్న పుస్తకాన్ని పదిమంది పది ఆదివారాలు తిరగేస్తే మిగిలేది పొడే.

తేదీలు, పేర్లు, ఊళ్లు

డేటా ఎక్కించే పనిలో తప్పులు ఎక్కడెక్కడ దొర్లుతాయో ముందే చెప్పవచ్చు. మొదటిది తేదీ. చాలామంది రిజిస్టర్ చూసి ముందు ఎక్సెల్‌లో కొడతారు, ఆ ఫైలును సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు. ఎక్సెల్ తేదీలు 1900 జనవరి 1 దగ్గర మొదలవుతాయి. అంతకు ముందుదేది కొట్టినా దాన్ని తేదీగా కాక మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది. వన్ టౌన్‌లోని పాత సంఘాల మొదటి పుస్తకాలకు ఇక్కడే అడ్డు తగులుతుంది.

సంవత్సరాన్ని రెండు అంకెల్లో రాసే అలవాటు ఇంకా ప్రమాదం. మామూలుగా ఎక్సెల్ 00 నుంచి 29 వరకు ఉన్నవాటిని 2000ల కింద, 30 నుంచి 99 వరకు ఉన్నవాటిని 1900ల కింద లెక్కేస్తుంది. పాత పుస్తకంలో '15-8-22' అని ఉన్న 1922 నాటి పుట్టుక కాస్తా 2022 అవుతుంది. మామ్మగారు సండే స్కూల్ పిల్లల జాబితాలో తేలుతుంది. ఇది నవ్వుకుని దిద్దుకునే తప్పు. నవ్వు రానిది ఇంకొకటుంది. సాఫ్ట్‌వేర్ అమెరికా పద్ధతిలో ఉంటే నెల ముందు, రోజు తర్వాత చదువుతుంది. మనం 4-7-1985 అని రాస్తే జూలై 4 కాస్తా ఏప్రిల్ 7 అవుతుంది. 12 దాటిన తేదీలను అలా తిప్పడం దానికి కుదరదు కాబట్టి అవి ఎర్రర్‌గానో, రాసింది రాసినట్టుగానో ఉండిపోతాయి. కొన్ని తేదీలు సరిగ్గానే కనిపిస్తుంటే మిగతావాటిని ఎవరు అనుమానిస్తారు? తేదీ గడిని ఎక్కించే ముందు సంవత్సరం-నెల-రోజు వరుసలోకి, నాలుగంకెల సంవత్సరంతో మార్చుకుంటే ఈ రెండు గొడవలూ పోతాయి.

పుట్టిన తేదీయే లేనివాళ్లు మరీ ఎక్కువ. పాత పుస్తకంలో 'వయసు సుమారు 30' అని ఉంటుంది, అంతే. సాఫ్ట్‌వేర్ పూర్తి తేదీ ఇస్తేగాని ముందుకు కదలదు. టైప్ చేసే కుర్రాళ్లు విసుగెత్తి జనవరి 1 కొట్టేస్తారు. ఆపైన ప్రతి కొత్త సంవత్సరం నాడు సగం సంఘానికి పుట్టినరోజు మెసేజ్‌లు వెళ్తాయి. తెలియని తేదీని ఖాళీగా వదిలి, 'సుమారు సంవత్సరం' అని వేరే గడి పెట్టుకోవడం నయం. ఖాళీ గడిని ఎప్పటికైనా నింపవచ్చు. ఊహించి కొట్టిన తేదీ మాత్రం రెండేళ్లకు నిజంలా చలామణి అవుతుంది.

తర్వాత పేర్లు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఎక్కువగా పొడి అక్షరమే. సాఫ్ట్‌వేర్ మాత్రం మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు చూపిస్తుంది. ఒక వాలంటీర్ ఇంటిపేరును మొదటి గడిలో పెడతాడు, ఇంకొకరు రెండో గడిలో పెడతారు. ఒకే కుటుంబం రెండు కుటుంబాలవుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల బాప్తిస్మం రికార్డు పుట్టింటి పేరు మీదే ఉంటుంది కాబట్టి ఆ పేరుకు ఒక గడి తప్పనిసరి. బడి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో పెట్టుకున్న పేరు ఒకటి ఉన్నవాళ్లూ బోలెడుమంది. రెండూ రాయాలి, ఏది ఏదో చెప్పాలి. జ్ఞానరత్నం అన్న పేరును ఇంగ్లిష్‌లో ఒకరు 'జీ'తో మొదలుపెడితే ఇంకొకరు 'జె'తో మొదలుపెడతారు. తెలుగులో కొట్టినా గొడవ పోదు. జాన్‌సన్ అని విడదీసి కొట్టినవాడు ఒకడు, జాన్సన్ అని వత్తు ఇచ్చి కొట్టినవాడు ఇంకొకడు. విడదీసినప్పుడు మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పడుతుంది, దాంతో వెతుకులాటలో రెండూ ఒకటిగా దొరకవు. రత్నం, రత్నము అన్నవాటిదీ ఇదే కథ.

ఒకే పేరు నలుగురికి ఉండటం మన సంఘాల్లో మామూలే. పోర్టు కరుణమ్మ, రైల్వే కరుణమ్మ అని జనం గుర్తు పెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో 'డూప్లికేట్లను కలుపు' అనే బటన్ ఉంటుంది, చూడటానికి చాలా ఆకర్షణీయంగా కూడా ఉంటుంది. పేరొక్కటే చూసి ఆ బటన్ నొక్కితే ఇద్దరు కరుణమ్మలు ఒక్కరైపోయి, ఒకరి భర్త ఇంకొకరికి చేరతాడు. ఫోన్ నంబరు చూసి కలిపినా ముప్పే. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు ఇచ్చిన కుటుంబాలుంటాయి. ఈ పని బటన్‌కు వదలకూడదు. ఒక పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి.

పాత ఫైళ్లు 'అను' అనే డీటీపీ ఫాంట్లలో టైప్ చేసినవైతే ముందు వాటిని ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చాలి. సంఘం వార్షిక నివేదికలు, సభ్యుల డైరెక్టరీలు ప్రెస్సులో డీటీపీ చేయించిన రోజుల నుంచి ఇవి మిగిలి ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అవి ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగంలా కనిపిస్తాయి. మార్చే పనిముట్లున్నాయి, కానీ వత్తుల దగ్గర తడబడతాయి. యూనికోడ్ ఫైలునైనా మామూలు అక్షరాల పట్టికలా, అంటే సీఎస్‌వీగా దాచేటప్పుడు యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిని ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఒకసారి అలా దాచాక వెనక్కి రాదు.

ఊళ్ల విషయంలో దిద్దుబాటే తప్పవుతుంది. 1948 నాటి పుస్తకంలో 'విశాఖపట్నం జిల్లా' అని ఉంటే అది ఇప్పటి శ్రీకాకుళం కావచ్చు, ఆ జిల్లా విడిపోయింది 1950లో. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. 'వాల్తేరు స్టేషన్ దగ్గర' అన్న చిరునామా 1987 తర్వాత విశాఖపట్నం స్టేషన్ అయింది. పుస్తకంలో ఏముంటే అదే ఎక్కించాలి. ఇప్పటి జిల్లా కావాలంటే పక్కన వేరే గడి ఉంది. రాసినవాడి మాటను మనం సవరించకూడదు.

సభ్యుడంటే ఎవరు?

అన్నిటికన్నా గట్టి ముడి ఇది. సాఫ్ట్‌వేర్ ప్రతి మనిషి పక్కనా 'యాక్టివ్', 'ఇన్‌యాక్టివ్' అని ఒక బటన్ పెడుతుంది. ఆ ఒక్క బటన్‌లో మనవాళ్లు మూడు వేరే వేరే సంగతులు కుక్కేస్తారు. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ పొందారా అన్నది ఒకటి. అది ఒకసారి జరిగితే జరిగినట్టే, మారదు. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు అన్నది రెండోది. చందా కట్టారా, ఎంతకాలం బాకీ అన్నది మూడోది. అది ప్రతి నెలా మారుతుంది.

విశాఖలో ఈ మూడూ ఒక్కచోట కలిసిరావు. నేవీ కుటుంబం రెండు మూడేళ్లుండి బదిలీ మీద కొచ్చికో, ముంబైకో వెళ్లిపోతుంది. ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం వస్తారు, పాటల బృందంలో పాడతారు, కానీ సభ్యత్వం సొంతూరి సంఘంలోనే ఉంటుంది. పాత ఊళ్లో పుట్టి ఉక్కునగరం క్వార్టర్లకు మారినవాళ్లు అక్కడి సంఘానికి వెళ్తూనే, సమాధి కోసం పాత సంఘంలో పేరు ఉంచుకుంటారు. కువైట్‌లోనో, బెంగళూరులోనో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో దశమభాగం పంపిస్తాడు, చర్చికి క్రిస్మస్‌కే వస్తాడు. బదిలీ ఉత్తరం తీసుకోకుండానే వేరే సంఘంలో చేరిపోయినవాళ్లుంటారు. వీళ్లలో ఎవరు యాక్టివ్? ఈ ప్రశ్నకు జవాబు సంఘం నిబంధనావళిలో ఉండాలి. చాలాసార్లు ఉండదు. అప్పుడు ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చున్న ఇరవై రెండేళ్ల వాలంటీర్ ఆ నిర్ణయం తీసుకుంటాడు, తాను నిర్ణయం తీసుకుంటున్నానని తెలియకుండానే.

దాని ఫలితం ఎన్నికలప్పుడు బయటపడుతుంది. చందా బాకీ ఉంటే ఓటు లేదన్న నియమం చాలా సంఘాల్లో ఉంది. పాత పద్ధతిలో సెక్రటరీ ఒక జాబితా రాసి గోడకు అంటించేవారు, పేరు లేనివాళ్లు వచ్చి గొడవపడి రాయించుకునేవారు. కొత్త పద్ధతిలో 'కంప్యూటర్‌లో మీ పేరు లేదండీ' అంటారు. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. పేరు తీసేసింది కంప్యూటర్ కాదని, ఎవరో ఒక బటన్ నొక్కారని అందరికీ తెలుసు, ఎవరు నొక్కారన్నది మాత్రం తేలదు. రెండు వర్గాలున్న సంఘంలో ఇది నిప్పు మీద ఉప్పు చల్లినట్టే.

అందుకే మూడు సంగతులకు మూడు గళ్లు పెట్టాలి. ఓటు హక్కును చేత్తో టిక్ పెట్టే గడిగా కాక, ఆ మూడింటి నుంచి లెక్క కట్టి తీయాలి. ఎవరు ఏది మార్చారో దాచే చరిత్ర సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో కొనే ముందే చూడాలి. ఎక్కించడం పూర్తయ్యాక కుటుంబాల జాబితాను ముసాయిదాగా ప్రింటు తీసి నోటీసు బోర్డులో పెట్టి, అభ్యంతరాలకు గడువిచ్చి, ఆ తర్వాతే ఖాయం చేయాలి. ప్రభుత్వం ఓటర్ల జాబితాకు చేసేది ఇదే. బోర్డు మీద పేర్లుంటే చాలు, ఫోన్లు, పుట్టిన తేదీలు అక్కర్లేదు. ఎన్నిక ఆరు నెలల్లో ఉందంటే మాత్రం ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. ఎంత నిజాయతీగా చేసినా ఎవరూ నమ్మరు.

కానుకల లెక్కల గురించి ఇంత చెప్పనక్కర్లేదు. పాత రసీదులన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాలన్న మోజు అనవసరం. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి ఆ రోజు నిల్వలను నిధి వారీగా ఎక్కిస్తే సరిపోతుంది. భవన నిధి, మిషనరీ నిధి, బీదల నిధి, కోత పండుగ లెక్క దేనికది. పాత లెడ్జర్లు ఆడిటర్ కోసం బీరువాలో ఉంటాయి. విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి ఉన్న సంస్థలు మాత్రం ఆ డబ్బును స్థానిక కానుకలతో కలపకుండా వేరే ఖాతా, వేరే పుస్తకాలు నడపాలి. సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ ఒకే 'ఆదాయం' కింద చూపించే సదుపాయం ఉంది కదా అని వాడితే ఆ లెక్క చిక్కుల్లో పడుతుంది. కవర్ నంబర్లతో చందా కట్టే సంఘాల్లో పాత కవర్ నంబరును అలాగే ఉంచాలి. పెద్దవాళ్లకు ఇంటి నంబరు కన్నా అదే బాగా గుర్తుంటుంది.

ఏది రాయకూడదు, తాళం ఎవరి దగ్గర

కాగితం మీద ఉన్నప్పుడు సభ్యుల జాబితా ఒక్క బీరువాలో ఒక్క ప్రతి. కంప్యూటర్‌లోకి వచ్చాక ఎవరైనా ఒక్క నిమిషంలో కాపీ చేసుకుని వాట్సాప్‌లో పంపగలరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కాగితం నుంచి డిజిటల్‌గా మార్చిన సమాచారాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు ఆ చట్టం తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. సండే స్కూల్ రిజిస్టర్ మొత్తం ఆ కోవలోకే వస్తుంది.

చట్టం సంగతి అలా ఉంచినా, మన దగ్గర సంఘ సభ్యత్వం అంత మామూలు సమాచారం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది, ఆ తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవానికి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఎవరు బాప్తిస్మం పొందారు, ఎవరు పొందకుండానే ప్రార్థనకు వస్తున్నారు అన్నది కొన్ని ఇళ్లలో చదువుతో, ఉద్యోగంతో, అత్తవారింటితో ముడిపడిన విషయం. సాఫ్ట్‌వేర్‌లో కులం అన్న గడి పెట్టాల్సిన పని లేదు. జీతం, ఆధార్ నంబరు కూడా అంతే. గడి ఖాళీగా కనిపిస్తే నింపాలనిపిస్తుంది, అందుకే ఆ గడినే తీసేయాలి. ప్రార్థన విన్నపాలు మరీ జాగ్రత్తగా చూడాలి. ఫలానా వారి అమ్మాయికి గర్భం నిలవడం లేదని, ఫలానా ఆయన తాగుడు మానాలని రాసినవి అయ్యగారికీ (పాస్టర్) అమ్మగారికీ (ఆయన భార్య) చెప్పిన మాటలు. అవి లాగిన్ ఉన్న ప్రతివారికీ కనిపించకూడదు. కానుకల మొత్తాలు ట్రెజరర్‌కు, ఆడిటర్‌కు కనిపిస్తే చాలు. ఎవరెంత ఇస్తున్నారో అయ్యగారికి కనిపించాలా వద్దా అన్నది సంఘం తేల్చుకోవాలి. కనిపించకపోతే ఆయనకే హాయి అని చెప్పుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఎంపికకు ఇప్పుడు రావచ్చు. ఉచితంగా దొరికేవి ఉన్నాయి. చర్చ్‌సీఆర్ఎం మామూలు చవక వెబ్ హోస్టింగ్ మీద నడుస్తుంది. రాక్ ఆర్ఎంఎస్ చాలా శక్తిమంతమైనది కానీ దానికి విండోస్ సర్వర్, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ప్లానింగ్ సెంటర్ లాంటివి నెలవారీ చందాతో డాలర్లలో నడుస్తాయి. ఏదైనా సరే ఒక్క పరీక్ష పెట్టవచ్చు. యాభై నకిలీ కుటుంబాలు ఎక్కించి, తెలుగు పేర్లతో వెతికి, మనం అదనంగా పెట్టిన గళ్లతో సహా మొత్తం డేటాను బయటికి తీసి చూడాలి. ఎక్కించడం అన్నిట్లోనూ సులువే. బయటికి తీయడంలోనే తేడా తెలుస్తుంది.

తాళం సంగతి ఇంకా ముఖ్యం. చాలా సంఘాల్లో అకౌంటు ఒక వాలంటీర్ సొంత జీమెయిల్ మీద, సొంత కార్డు మీద తెరుస్తారు. అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, ఫోన్ నంబరు మారుతుంది, ఓటీపీ ఎవరికీ రాదు. సంఘం పేరు మీదే ఈమెయిల్, ముగ్గురి దగ్గర అడ్మిన్ హక్కు, పాస్‌వర్డ్ ఒక కవరులో సీలు వేసి బీరువాలో. పాత తాళంచెవి పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. తడిసిన కాగితాలు పోయాయి, కరెంటు లేని కంప్యూటర్లు బొమ్మల్లా నిలబడ్డాయి. అలాంటి వారంలోనే అంత్యక్రియలు జరుగుతాయి, పేదలకు బియ్యం పంచాల్సి వస్తుంది, ఎవరి ఇల్లు ఎక్కడో తెలియాల్సి వస్తుంది. డేటా క్లౌడ్‌లో ఉంటే తుపాను దాన్ని తాకలేదు, మనమూ అందుకోలేం. నెలకోసారి మొత్తం డేటాను దించి ఒక ప్రతి విశాఖ బయట, ఒక ప్రతి చర్చిలో ఉంచడం, ఏటా సెప్టెంబరులో కుటుంబాల పేర్లు, వీధులు, ఫోన్లతో ఒక ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టడం ఖర్చులేని పని. ఉప్పుగాలికి పెన్‌డ్రైవ్‌లు, చెదలకు కాగితాలు లొంగిపోయే ఊరిది. ఒక్కదాన్నే నమ్ముకోలేం.

ఇక ఎంత పని అనేది లెక్కేసుకోవచ్చు. 400 కుటుంబాలున్న సంఘంలో కుటుంబానికి పది నిమిషాలు అనుకున్నా దాదాపు 67 గంటలు. ముగ్గురు వాలంటీర్లు ఆదివారం ఆరాధన తర్వాత రెండేసి గంటలు కూర్చుంటే పదకొండు, పన్నెండు వారాలు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు పాత గొలుసుకట్టు రాత, తెలుగు అంకెల్లో రాసిన తేదీ ఎదురైతే చదవడం రాదు, పెద్దలకు టైపింగ్ రాదు. ఒకరు చదివితే ఒకరు కొట్టేలా ఒక్కో వాలంటీర్‌కు ఒక పెద్దను జతచేయాలి. అలా కూర్చున్నప్పుడు పుస్తకంలో లేని సంగతులు కూడా బయటికి వస్తాయి, వాటిలో కొన్ని రికార్డుకు పనికొస్తాయి, కొన్ని అక్కడే వదిలేయాల్సినవి. మే నెల పెళ్లిళ్ల హడావుడి తగ్గాక జూన్‌లో మొదలుపెడితే తుపాన్ల కాలానికి ముందే పేర్ల పని తేలుతుంది. క్రిస్మస్ నెలలో దీన్ని ముట్టుకోకూడదు. లెక్కల మార్పు మాత్రం తర్వాతి ఏప్రిల్ 1న.

పని అయిందో లేదో చూడటానికి చివర్లో ఒక ఆదివారం చాలు. రిజిస్టర్‌లో కళ్లు మూసుకుని ఇరవై వరుసలు ఎంచి, అవి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయా, తేదీలు కలుస్తున్నాయా చూడాలి. తర్వాత సాఫ్ట్‌వేర్ నుంచి ఇరవైమందిని తీసి పుస్తకంలో వెతకాలి. మొదటిది తప్పిపోయినవాళ్లను పట్టిస్తుంది, రెండోది పుస్తకంలో లేకుండానే కంప్యూటర్‌లోకి ఎక్కినవాళ్లను పట్టిస్తుంది. ఇరవైలో రెండు మూడు తప్పులు తేలితే మొత్తం మీద ఎన్ని ఉంటాయో ఊహించుకుని మళ్లీ కూర్చోవాలి. పుస్తకంలోనే తప్పుందని తేలితే దాన్ని కొట్టేయకుండా, దిద్దకుండా, అంచులో సరైన వివరం రాసి, తేదీ వేసి పాస్టర్‌గారు సంతకం పెట్టాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ అంచు రాత కూడా ఎక్కించాలి. ఆ వారం జరిగే పెళ్లిని ముందు పెన్నుతో పుస్తకంలో రాస్తారు, వధూవరులూ సాక్షులూ సంతకాలు పెడతారు. కంప్యూటర్‌లోకి అది సాయంత్రం ఎక్కుతుంది, పుస్తకం నంబరు, పేజీ నంబరుతో సహా.